మింగేసిన సగం మాట

3 నవంబరు 2022, సత్వా

వార్డులో చూసిందీ విన్నదీ బయట ఎవరికీ చెప్పనని ఈ రోజు మళ్ళీ సంతకం పెట్టించుకున్నారు. మొగుడికి కూడా చెప్పకూడదా అని అడిగాను. కూడదన్నారు. ఆయన పోయి చాలా కాలమైందమ్మా, ఆయనకి చెబితే ఎవరికి తెలుస్తుంది అన్నాను. ఆఫీసు పిల్ల నవ్వలేదు. ఏడో తరగతితో బడి మానేసిన నాకే నవ్వొచ్చిన మాట, అంత చదివిన పిల్లకి రాలేదు.

చెప్పకపోతే నాకు కడుపుబ్బరం. గదిలో సుబ్బాయమ్మకి చెబుదామంటే దాని నోటికి తలుపూ లేదు, గడియా లేదు. అందుకని ఇక్కడ రాసుకుంటాను. ఎవరికో చెబుతున్నట్టే రాసుకుంటాను, అప్పుడే నాకు తృప్తి.

మా వార్డు మామూలు పిచ్చాసుపత్రి వార్డు కాదు. ఏదో నేరం చేసి దొరికిన ఆడవాళ్ళు, అది జబ్బు వల్ల చేశారేమోనని కోర్టుకి అనుమానం వస్తే ఇక్కడికి వస్తారు. డాక్టర్ నూర్ మొహమ్మద్ వాళ్ళతో రోజూ కూర్చుని మాట్లాడి జడ్జికి రెండు సంగతులు తేల్చి రాయాలి. ఆ రోజు ఆ మనిషికి ఒంటి మీద తెలివి ఉందా? ఇప్పుడు కుదురుకుందా? డాక్టరుది కరాచీ. అడిగిన ప్రశ్ననే మూడు రకాలుగా అడుగుతాడు, సంబంధం చూడడానికి వచ్చిన మా అత్తలాగ.

నా పని తుడవడం, దుప్పట్లు మార్చడం, అన్నం తిననివాళ్ళని తినిపించడం. ఈ నెల నుంచి ఇంకోటి కూడా. వార్డుకి వచ్చిన వీరదుర్గ మాట్లాడే తెలుగుని డాక్టరుకి హిందీలో చెప్పడం.

5 నవంబరు

దుర్గది కూడా మా గోదావరి జిల్లాయే. నాలాగే పనికి ఈ అరబ్బు దేశం వచ్చి ఖోర్ ఫక్కాన్‌లో ఒక అరబ్బు ఇంట్లో పనిచేసేది. వంటింటికి సరిపడా అరబ్బీ వచ్చు. మనసులో ఉన్నది చెప్పే అరబ్బీ రాదు, హిందీ అసలే రాదు. తెలుగు దుబాసీని ఫోన్‌లో పిలిపించాలంటే కాగితం పెట్టి ఎదురుచూడాలి. "మంగా, నువ్వున్నావుగా, ప్రస్తుతానికి కానిద్దాం" అన్నాడు డాక్టరు. నాకు కుర్చీ వేశారు. ఈ ఆసుపత్రిలో నేను తుడిచిన కుర్చీలు ఎన్నో, కూర్చున్నది ఇదే మొదటిది.

దుర్గ ఏం చేసిందంటే, ఏసీలోంచి ఎవరో మాట్లాడుతున్నారనీ, ఇంటి పెద్దావిడని చంపడానికి వస్తున్నారనీ, ఆవిణ్ణి సామాన్ల గదిలో పెట్టి తాళం వేసేసింది. పొద్దున వేసిన తాళం సాయంత్రం కొడుకు వచ్చి బద్దలు కొట్టేదాకా తీయలేదు. ఏసీని రోకలితో చితక్కొట్టింది. పెద్దావిడకి షుగరు. ప్రాణం మీదికి వచ్చింది గానీ బతికింది.

ఇప్పుడు మాత్రలు పడ్డాక దుర్గ కుదుటపడింది. పెద్దావిడ ఫిర్యాదు వదులుకుందట. ఇక డాక్టరు రాసే కాగితం ఒక్కటే అడ్డం. అది మంచిగా వెళితే ఇంటికి. లేకపోతే ఈ తాళాల వెనకాలే, ఎన్నాళ్ళో ఎవరికీ తెలియదు.

మంచి పిల్ల. నా మాటకి మాట తగిలిస్తుంది. "నీ చీపురు నాకన్నా ఎక్కువ తిరుగుతోంది అక్కా, దానికి వీసా ఉందా?" అంది ఇవాళ.

9 నవంబరు

నవ్వి నవ్వి పక్కటెముకలు నొప్పి.

మా హెడ్ నర్సు లిల్లీకుట్టి సిస్టర్ మలయాళీ. ఆవిడ నవ్విన రోజు సెలవు ప్రకటించాలి. ఆవిడ గొంతు నాకు ఎప్పటినుంచో వచ్చు. ముక్కులో మొదలై పైకి ఎగిరి అక్కడే కూర్చుంటుంది. మధ్యాహ్నం ఆవిడ భోజనానికి వెళ్ళింది. నర్సుల టేబుల్ మీద, గేటుకీ గదులకీ మాట వినిపించే మైకు ఒంటరిగా ఉంది. పాపం అనిపించింది.

"జమీర్ భాయ్," అన్నాను సిస్టర్ గొంతుతో, హిందీలో. "కెమెరాలో గేటు కనపడడం లేదు. నీ పొట్టే కనపడుతోంది. పొట్ట పక్కకి జరుపు."

జమీర్ బయటి గేటు సెక్యూరిటీ, బీహారు మనిషి. అద్దంలోంచి చూస్తున్నాను. కెమెరాకి సెల్యూట్ కొట్టి, ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని నిలబడ్డాడు. సిస్టర్ తిరిగొచ్చేదాకా అలాగే ఉన్నాడు. మొహం వంకాయ రంగులోకి వచ్చింది.

చిన్న పొరపాటు. నొక్కాల్సింది గేటు బటన్. నేను నొక్కింది అన్నిచోట్లకీ పోయేది. వార్డంతా వినపడింది, ఉన్న పేషెంట్లందరూ నవ్వారు. దుర్గ పైన స్పీకరు వైపు చూసి, తర్వాత అద్దంలోంచి నా వైపు చూసి, అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. దొరికిపోయాను. ఫరవాలేదు, మన పిల్లే.

10 నవంబరు

డాక్టరు దుర్గని అడిగాడు, "మనిషి కనపడకుండా గొంతులేమైనా వినపడ్డాయా ఈ మధ్య?"

దుర్గ చెప్పింది, "ఏసీలో వోళ్ళు ఎళ్ళిపోయారండి. మందేసుకున్నాక ఒక్కమాటు కూడా రాలేదు. నిన్న మాత్రం గోడలోంచి సిస్టరమ్మ గొంతొచ్చిందండి. గొంతు సిస్టరమ్మదే గానీ మాటాడింది మా మంగక్క. ఇదిగో, ఈవిడే." అని నన్ను చూపించి పకపకా నవ్వింది.

అంతా ఉన్నది ఉన్నట్టే చెప్పాను. ఏసీలోవి పోయాయట, నిన్న గోడలోంచి సిస్టర్ గొంతు వచ్చిందట, అన్నాను. అక్కడ ఆపాను. ఆ తర్వాత ముక్కతో డాక్టరుకేం పని? అది నాకూ జమీర్ పొట్టకీ సంబంధించిన విషయం.

"నీ వైపు చెయ్యి చూపించిందేం?" అన్నాడు.

"నన్ను అక్క అంటోంది డాక్టర్ సాబ్."

అబద్ధం కాదు. అక్క అనే అంది.

"బస్? ఇంతేనా?"

"బస్."

డాక్టరు సిస్టర్ని పిలిచి, నిన్న మైకులో ఏమైనా చెప్పావా అని అడిగాడు. నేనా, భోజనానికి వెళ్ళాను కదా అంది ఆవిడ. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "నవ్వుతూ చెబుతోంది. అది మంచి లక్షణం కాదు" అన్నాడు డాక్టరు ఇంగ్లీషులో. ఆ మాత్రం ఇంగ్లీషు నాకు వచ్చు.

11 నవంబరు

దుర్గకి మాత్రలు పెంచారు. డాక్టరుకి తెలియదా ఏమిటి ఎవరికి ఎంత కావాలో. అంత చదువు చదివాడు.

మైకు సంగతి తెలిస్తే నా ఉద్యోగం ఖలాస్, వీసా ఖలాస్.

13 నవంబరు

దుర్గ నిద్రపోతోంది. నిద్ర మంచిదే.

14 నవంబరు

దుర్గ నిద్ర.

16 నవంబరు

సుబ్బాయమ్మ చేపల పులుసు పెట్టింది. పండుగప్ప. మూకుడంతా ఊడ్చాం. చాలా మంచి రోజు. వార్డులో విశేషాలు లేవు.

18 నవంబరు

దుర్గకి తినిపించాల్సి వచ్చింది. చెంచా పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది. చొంగ కారుతోంది. తుడుస్తూ, "నీ నోటికి ప్లంబర్ని పిలవాలే" అన్నాను. ఇదివరకైతే అంతకి రెండింతలు తిరిగి అనేది. ఇప్పుడు నా వైపు చూసింది, అంతే. చూసి, చాలాసేపటికి, నాలిక మందంగా తిప్పి, "అక్కా, డాక్టరుకి నువ్వేం సెప్పేవు?" అంది.

"నువ్వన్నదే చెప్పానే."

"మరి మాత్రలెందుకు పెంచేడు?"

పెరుగన్నం చల్లారిపోతోందని తొందరపెట్టాను.

20 నవంబరు

ఖతర్‌లో ఫుట్‌బాల్ మొదలైంది. జమీర్ గేటు దగ్గర ఫోన్‌లో చూస్తున్నాడు. మామూలుగా అయితే ఇలాంటి అవకాశం వదలను. మైకు వైపు వెళ్ళబుద్ధి కాలేదు. ఒంట్లో బాగాలేదేమో.

గదికి వచ్చి సుబ్బాయమ్మని అడిగాను, "ఒకావిడ ఉందనుకో. చిన్న అల్లరి చేసింది. దానివల్ల ఇంకొకావిడకి కొంచెం ఇబ్బంది వచ్చింది. అల్లరి చేసినావిడ నోరు విప్పితే ఉద్యోగం పోతుంది. ఏం చెయ్యాలంటావు?"

సుబ్బాయమ్మ వెల్లుల్లి ఒలుస్తోంది. తలెత్తకుండా అంది, "ఇంకొకావిడకి కొంచెం ఇబ్బందా, సానా ఇబ్బందా?"

"కొంచెమే."

"అయితే నువ్వు అన్నం ఎందుకు తినట్లేదే మంగా?"

దాని నోటికి తలుపుల్లేవని రాశాను గానీ, దాని కళ్ళకీ లేవు.

21 నవంబరు

చెప్పేశాను.

డాక్టరు గదిలోకి వెళ్ళి, తలుపు వేసి, మైకు, సిస్టర్ గొంతు, జమీర్ పొట్ట, దుర్గ అన్న పూర్తి మాట, నేను మింగేసిన సగం, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాను. తిడతాడనుకున్నాను, పోలీసులకి చెబుతాడనుకున్నాను. ఆయన జాలిగా చూశాడు.

"మంగా, నీది మంచి మనసు. నీ ఊరి మనిషిని కాపాడుకోవాలని చూస్తున్నావు. ఇలా చేసినవాళ్ళని ఇంతకు ముందూ చూశాను. కానీ నువ్వు అబద్ధం చెబితే ఆమెకే నష్టం."

ఈ వార్డుకి వచ్చినప్పటి నుంచి నేను చెప్పిన అబద్ధాలన్నీ నమ్మారు. ఒక్క నిజం చెబితే అబద్ధమట!

"జమీర్‌ని అడగండి" అన్నాను.

డాక్టరు కబురంపితే సిస్టర్ వచ్చి కూర్చుంది, వెనకే జమీర్ వచ్చాడు. "అవును సాబ్, మైకులో పొట్ట జరపమన్నారు. కసమ్, సిస్టరే అన్నారు. సిస్టర్ గొంతు నాకు తెలియదా?"

లిల్లీకుట్టి సిస్టర్ లేచి నిలబడింది. "నేనా? నీ పొట్టా? నీ పొట్ట గురించి నేను జీవితంలో మాట్లాడలేదు!"

ఇది ఇలా తేలదనిపించింది. "సాబ్, మీరందరూ ఇక్కడే ఉండండి" అని చెప్పి నర్సుల టేబుల్ దగ్గరికి వెళ్ళి, మైకు తీసుకుని, బటన్ నొక్కాను. డాక్టరు గదిలో మాత్రమే వినపడే బటన్. ఈసారి సరిగ్గా చూసి మరీ నొక్కాను.

"డాక్టర్ నూర్ మొహమ్మద్, కళ్ళజోడు కోసం బల్ల మీద వెతక్కండి. నెత్తి మీద ఉంది. ఇంకో మాట. మందుల ఫ్రిజ్‌లో కింది అరలో ఉన్న ఉప్పేరి, అదే అరటికాయ చిప్స్, ఆ పొట్లం నాది. ఎవరూ ముట్టుకోవద్దు. ఇట్లు, లిల్లీకుట్టి."

తిరిగి వచ్చేసరికి డాక్టరు చెయ్యి నెత్తి మీద ఉంది. జమీర్ సిస్టర్ని చూస్తున్నాడు, సిస్టర్ నోటిని చూస్తున్నాడు, మళ్ళీ తలుపు వైపు చూస్తున్నాడు. సిస్టర్ మొహం పొయ్యి మీద పెట్టిన పెనంలా ఉంది.

"మందుల ఫ్రిజ్‌లో తినే వస్తువులా?" అన్నాడు డాక్టరు ముందు. అప్పుడు నవ్వాడు. బల్ల మీద తల పెట్టుకుని నవ్వాడు. అంతలో తలెత్తి నా వైపు చూశాడు, నవ్వు పోయింది.

"ఆమె నోటిలోంచి వచ్చిన మాటలో సగం తీసేశావు. మిగిలిన సగం ఆమె జబ్బు అయిపోయింది. తెలుసా నీకు?"

తెలుసు అన్నాను. తెలుసు కాబట్టే వచ్చానన్నాను.

"తప్పు నాది కూడా," అన్నాడు. "అసలు దుబాసీని పిలవాల్సింది. తొందరపడ్డాను."

ఆయన ఆ మాట అనకపోతే బాగుండేది. తిడితే తట్టుకోవడం నాకు వచ్చు.

22 నవంబరు

ఇవాళ ఫోన్‌లో అసలు దుబాసీ. రాజేశ్వర్ గారట, ఎక్కడో ఆఫీసులో కూర్చుని మాట్లాడతాడు. నన్ను గదిలో మూల నిలబెట్టారు, నోరు విప్పకూడదన్న షరతు మీద. దుర్గకి నిన్న రాత్రి నుంచే మాత్రలు తగ్గించారు, ఇంకా మగతగానే ఉంది.

డాక్టరు అడిగింది విని రాజేశ్వర్ గారు తెలుగులో అన్నారు, "అమ్మా, తమకు అదృశ్య వ్యక్తుల స్వరములు శ్రవణమగుచున్నవా?"

దుర్గ నా వైపు చూసింది. నేను నోరు గట్టిగా మూసుకున్నాను. ప్రాణం పోయేలా ఉంది.

"ఈ బాబు ఏ భాష మాటాడుతున్నాడు అక్కా?" అంది దుర్గ.

రాజేశ్వర్ గారు దగ్గి, మామూలు తెలుగులోకి దిగారు. మంచివాడే. దుర్గ మళ్ళీ అదే చెప్పింది. ఏసీలోవి పోయాయి, గోడలోది మంగక్క. అప్పుడు డాక్టరు ఇంకో ప్రశ్న అడిగాడు.

"అది మంగ అని నీకెలా తెలుసు? ఏసీలో గొంతులు కూడా నిజమైనవే అనిపించాయి కదా అప్పుడు. రెంటికీ తేడా ఏమిటి?"

దుర్గ కళ్ళు నులుముకుంది. నిద్రమత్తులో మరిచిపోయిందేమో అనుకున్నాను.

"ఏసీలో వోళ్ళు నన్నొక్కదాన్నే తిట్టేవోరండి. నేనేం సేత్తన్నా తిట్టేవోరు. నీళ్ళు తాగుతున్నా తిట్టేవోరు. నాకే ఇనపడేది, మా ఇంటి పెద్దావిడ మామాకి ఇనపడేది కాదు. అడిగితే లేదనేది. ఇదేమో అందరికీ ఇనపడింది, అందరూ నవ్వేరు. ఇంక మంగక్క ఒక్కర్ని తిట్టదండి. అందర్నీ తిడతాది."

రాజేశ్వర్ గారు ఇదంతా ఇంగ్లీషులో చెప్పారు. ఆఖరి ముక్క కూడా వదలలేదు. డాక్టరు పెన్ను ఆపి, "అందర్నీ?" అని అడిగి మరీ రాసుకున్నాడు.

ఈ జవాబు డాక్టరుకి ఎందుకంత నచ్చిందో తర్వాత సిస్టర్‌తో చెబుతుంటే విన్నాను. జబ్బు జబ్బని తెలుసుకోవడమే సగం కుదురుకోవడమట. కావాలని వినలేదు, అక్కడే తుడుస్తున్నాను. తుడిచిందే తుడుస్తున్నాను.

24 నవంబరు

లాండ్రీకి మార్చారు. లిఖితపూర్వకంగా హెచ్చరిక. మైకుకి తాళం. ఉద్యోగం ఉంచారు. సిస్టర్ ఉంచమందట! ఎందుకని అడిగితే, "నా గొంతు దాని దగ్గర ఉంది, బయటికి పంపితే ఎక్కడెక్కడ వాడుతుందో" అందట జమీర్‌తో. జమీర్ చెప్పాడు, నమ్మకం లేదు. వాడిప్పుడు ఎవరేం చెప్పినా పొట్ట పట్టుకుంటున్నాడు.

2 డిసెంబరు

ఇక్కడి జాతీయ దినం. ఊరంతా జెండాలు, కార్ల హారన్లు. నైఫ్ బజారు వైపు వెళ్ళి గాజులు చూసి కొనకుండా వచ్చాను. లాండ్రీలో దుప్పట్లకి మాట్లాడడం రాదు. దుర్గ వార్డులో కూర తనే వడ్డిస్తోందట, వంటవాడికి ఉప్పు తక్కువైందని వంకలు కూడా పెడుతోందట. జమీర్ కబురు.

వంకలు పెడుతోందంటే మా పిల్ల తిరిగొచ్చేసినట్టే.

14 డిసెంబరు

ఆ రోజు ఒంటి మీద తెలివి లేదు, ఇప్పుడు కుదురుకుంది. డాక్టరు అలా రాశాడట, జడ్జి ఒప్పుకున్నాడట. మాత్రలు మానకుండా వేసుకోవాలన్న షరతు మీద ఇంటికి. దుర్గకి టికెట్ వస్తుంది!

లాండ్రీలో గెంతితే మిషన్ కదిలింది.

19 డిసెంబరు

ఖోర్ ఫక్కాన్ నుంచి పెద్దావిడ వచ్చింది. దుర్గ వెళ్ళిపోయే ముందు చూస్తానందట. దుర్గ కూడా అడగాల్సింది ఉందంది. డాక్టరు నన్ను లాండ్రీ నుంచి పిలిపించాడు. నేను పదేళ్ళు అరబ్బు ఇళ్ళలో చేసిన మనిషిని, ఆవిడ మాట నాకు అర్థమవుతుంది.

"మంగా, పూర్తిగా" అన్నాడు డాక్టరు. వేలు చూపించలేదు, గొంతు పెంచలేదు. అందుకే భయం వేసింది.

పెద్దావిడ చేతికర్రతో వచ్చి కూర్చుంది. చిన్న మనిషి. ముఖానికి ముసుగు, దాని వెనక కళ్ళు మా నాయనమ్మ కళ్ళలాగ గడుసుగా ఉన్నాయి. దుర్గ ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చోబోతే కర్రతో కుర్చీ చూపించింది.

"అక్కా, అడుగు. ఆ గదిలో ఆవిడకి బయమేసిందా?"

అడిగాను.

పెద్దావిడ చెప్పసాగింది, నేను వాక్యం వాక్యం తెలుగు చేశాను. "భయం వేసింది. అరిచాను. నువ్వు తలుపు అవతల నుంచి 'మామా భయపడకు, నేనున్నాను' అంటూనే ఉన్నావు. తలుపు కింద నుంచి ఖర్జూరాలు తోశావు. నేను షుగరు మనిషిని. చంపడానికి పెడుతున్నావో బతికించడానికి పెడుతున్నావో తెలియలేదు. తిన్నాను. నీ మీద కోపం లేదు. జబ్బు మనిషి మీద దేవుడికే కోపం ఉండదు, నాకెందుకు?"

ఇక్కడ ఆగుతుందనుకున్నాను. ఆగి ఉంటే ఎంత బాగుండేది! ఆవిడ కర్ర నేలకి ఆనించి ఇంకో మాట అంది.

నా నాలిక మీదికి వేరేది వచ్చింది. 'వెళ్ళిరా తల్లీ, చల్లగా ఉండు' అని వచ్చింది. అది కూడా ఆవిడ మనసులో ఉండే ఉంటుంది. డాక్టరు నా వైపు చూడలేదు. కిటికీ వైపు చూస్తున్నాడు. దుర్గ మాత్రం నా నోటినే చూస్తోంది.

"ఆవిడేమందంటే," అన్నాను, "'కానీ మా ఇంటికి మళ్ళీ రావద్దు. ఇప్పటికీ తలుపు గడియ చప్పుడు వింటే నాకు గుండె దడదడలాడుతుంది. నిన్ను క్షమించాను గానీ నిన్ను చూస్తే ఆ గది గుర్తొస్తుంది.'"

దుర్గ తల వంచుకుంది. నేను చేసిన పని మంచిదో చెడ్డదో తెలియక నా వేళ్ళు నేనే పిసుక్కున్నాను.

దుర్గ తలెత్తింది. ఏడవలేదు. "నిజమే అక్కా. నేనైనా నన్ను పెట్టుకోను. సెప్పు, రానని సెప్పు. షుగరు మాత్ర టైముకి ఏసుకోమని సెప్పు. మద్దెలో ఒకోసారి ఎగ్గొట్టేత్తది, కొడుక్కి తెలీకుండా మొక్కల తొట్లో పడేత్తది."

చెప్పాను. తొట్టి సంగతితో సహా చెప్పాను. ఆవిడ చటుక్కున తలుపు వైపు చూసింది, బయట కొడుకు ఉన్నాడేమోనని. తర్వాత ముసుగు వెనక నవ్వు కదిలింది. గబగబా ఏదో అంది.

"'ముందు నువ్వు నీవి పడేయకుండా వేసుకో' అంటోంది" అన్నాను.

దుర్గ నన్ను అనుమానంగా చూసింది. "ఇది నువ్వు కలిపిందే."

"కాదే! ఆవిడే అంది."

"నీ మొహం. ఇది నీ మాటే."

"నీ మీద ఒట్టు దుర్గా, ఒక్క అక్షరం నాది కాదు."

నన్ను నమ్మలేదు. పెద్దావిడ వైపే తిరిగి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి మాత్ర పట్టుకున్నట్టు పెట్టి, నోట్లో వేసుకుని, గ్లాసెత్తి తాగినట్టు చేసి, కనుబొమలెగరేసి అడిగింది.

పెద్దావిడ కర్ర ఎత్తి దుర్గని చూపించి, తల ఊపింది. రోజూ, అని వేలు ఆడించింది. అప్పుడు దుర్గ కూడా తన వేలు ఎత్తి ఆవిడ వైపు ఆడించింది.